సూపర్‌హీరో సినిమాకు జనాన్ని రప్పించేది దర్శకుడా, స్టూడియోనా? కలెక్షన్ల నుంచి తేల్చుకునే పద్ధతి

సూపర్‌హీరో సినిమా ఆడితే “మార్వెల్ అంటే మార్వెలే” అంటారు, పోతే “డైరెక్టర్ ముంచాడు” అంటారు. ఇంకో వర్గం సరిగ్గా దీన్ని తిరగేసి చెబుతుంది. ఇద్దరూ చూపించేది ఒకటే అంకె, ప్రపంచవ్యాప్త మొత్తం వసూలు. ఆ అంకె మీద ఎవరికి కావలసిన కథ వాళ్లు అల్లుకోవచ్చు. ఎందుకంటే బ్రాండు, పాత్ర, నటుడు, దర్శకుడు, చైనా మార్కెట్టు, సెలవులు, టికెట్టు ధర అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్, కాస్త భాగహారం, సినిమాలను సరైన జతలుగా పేర్చే ఓపిక ఉంటే చాలు.

పద్ధతంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. మొదటి వారాంతం వసూలు ఈ సినిమా ఎలా ఉందో చెప్పదు. టికెట్టు కొన్నవాడు ఇంకా సినిమా చూడలేదు కదా. ఓపెనింగ్ అనేది ఆ వరుసలో అంతకుముందు వచ్చిన సినిమాకు పడిన మార్కు. ఈ సినిమాకు పడే మార్కు రెండో వారాంతంలోనూ, ఇదే వరుసలో తర్వాత వచ్చే సినిమా ఓపెనింగ్‌లోనూ కనిపిస్తుంది. దర్శకుడి పనితనాన్ని ఓపెనింగ్‌లో, బ్రాండు బలాన్ని ఫుల్ రన్‌లో వెతకడం వల్లే వాదనలు తెగవు.

ముందు పేర్లు విడదీయండి

“మార్వెల్” అని ఒకే గడిలో రాస్తే లెక్క మొదట్లోనే చెడుతుంది. మార్వెల్ కామిక్స్ పాత్రల మీద వచ్చిన సినిమాలన్నీ మార్వెల్ స్టూడియోస్ తీసినవి కావు. స్పైడర్‌మ్యాన్, అతని చుట్టూ ఉన్న పాత్రల సినిమా హక్కులు సోనీవి. ఎక్స్‌-మెన్ హక్కులు 2019 మార్చిలో డిస్నీ కొనేదాకా ఫాక్స్‌వి. మార్వెల్ స్టూడియోస్ సొంత వరుస 2008లో ‘ఐరన్ మ్యాన్’తో మొదలైంది. జనానికి ఈ తేడా తెలియదనుకుంటే పొరపాటు. సోనీ తీసిన ‘మోర్బియస్’ మొదటి వారాంతంలో 3.9 కోట్ల డాలర్లు, ‘మేడమ్ వెబ్’ 1.53 కోట్లు, ‘క్రేవెన్’ 1.1 కోట్లు తెచ్చుకున్నాయి. మార్వెల్ అన్న మాట పోస్టరు మీద ఉన్నంత మాత్రాన టికెట్లు తెగలేదు.

పాత్రకు వేరే గడి పెట్టండి. బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ ఏ స్టూడియో వరుసకన్నా పాతవాళ్లు, వాళ్లే ఒక బ్రాండు. నటుడికి ఇంకో గడి.

దర్శకుడికి మాత్రం రెండు గడులు కావాలి. ఒకటి పేరు: పోస్టరు మీద అతని పేరు చూసి టికెట్టు కొనేవాళ్లు ఉన్నారా? రెండోది పనితనం: చూసి బయటికొచ్చినవాళ్లు ఇంకొకరిని పంపిస్తున్నారా? ఈ రెండూ ఒకటి కాదు. సూపర్‌హీరో సినిమాల్లో రెండోది ఉన్న దర్శకులు చాలామంది ఉన్నారు, మొదటిది ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

షీటులో ఏమేం ఉండాలి

బాక్సాఫీస్ మోజో, ది నంబర్స్ సైట్లలో అంకెలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో సినిమాకు ఒక వరుస. విడుదల తేదీ, అది ఏ వారం, మూడు రోజుల ఓపెనింగ్, అందులో గురువారం ప్రివ్యూల వాటా, రెండో వారాంతం, అమెరికా-కెనడా మొత్తం, సినిమాస్కోర్ అనే సర్వేలో ప్రేక్షకులు ఇచ్చిన గ్రేడు, అదే వరుసలో దీనికి ముందు వచ్చిన సినిమా, దర్శకుడు ఫ్రాంచైజీ బయట తీసిన సినిమాల ఓపెనింగులు. చివరి గడి చాలామంది వదిలేస్తారు. అసలు పని చేసేది అదే.

ప్రపంచ వసూలు జోలికి పోకుండా అమెరికా-కెనడా అంకెకే కట్టుబడండి. ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’కు ఒక్క చైనాలోనే 60 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. 2021, 2022లో ‘షాంగ్-చీ’, ‘ఎటర్నల్స్’, ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’, ‘థోర్: లవ్ అండ్ థండర్’ చైనాలో విడుదలే కాలేదు. ఇలాంటి సినిమాలను ప్రపంచ వసూలుతో పోల్చి “దర్శకుడు పడగొట్టాడు” అంటే, సెన్సారు చేసిన పనిని దర్శకుడి ఖాతాలో రాసినట్టే. డాలరు మారకం రేటు గొడవ కూడా ఉంటుంది.

అంకెలు దించుకునేటప్పుడు జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. ఆదివారం వచ్చేవి స్టూడియో అంచనాలు, అసలు లెక్క సోమవారం వస్తుంది, షీటులో సోమవారం అంకే వేయాలి. ప్రెసిడెంట్స్ డే, లేబర్ డే లాంటి సెలవు వారాల్లో వార్తల్లో నాలుగు రోజుల మొత్తం కనిపిస్తుంది. ‘షాంగ్-చీ’కి నాలుగు రోజులకు 9.4 కోట్లకు పైగా వస్తే, మూడు రోజులది 7.54 కోట్లే. మిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు పదితో భాగించాలి, వందతో కాదు.

బుధవారం విడుదలలు ఇంకా ప్రమాదం. ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ 2005 జూన్ 15, బుధవారం నాడు వచ్చింది. శుక్ర-శని-ఆదివారాల వసూలు 4.87 కోట్లు, మొత్తం 20.5 కోట్లు. భాగిస్తే 4.2 వస్తుంది, అద్భుతమైన లాంగ్ రన్ అనిపిస్తుంది. కానీ బుధ, గురువారాలు కలిపి ఐదు రోజులకు 7.2 కోట్లు దాటింది. దాంతో భాగిస్తే 2.8. మంచి అంకే, కానీ మహాద్భుతమేమీ కాదు.

ఇక ధరలు. అమెరికా థియేటర్ల సంఘం లెక్కల్లో సగటు టికెట్టు 2002లో 5.81 డాలర్లు, 2008లో 7.18, 2019లో 9.16. సామ్ రైమీ తీసిన 2002 ‘స్పైడర్‌మ్యాన్’ ఓపెనింగ్ 11.48 కోట్ల డాలర్లు, 2019 ‘కెప్టెన్ మార్వెల్’ది 15.34 కోట్లు. టికెట్లలోకి మారిస్తే మొదటిది దాదాపు 1.98 కోట్లు, రెండోది 1.67 కోట్లు. డాలర్లలో గెలిచింది టికెట్లలో ఓడింది. ఐమ్యాక్స్, త్రీడీ టికెట్లు ఎక్కువ తెగే సినిమాల్లో అసలు ధర సగటుకన్నా ఎక్కువ, కాబట్టి కొత్త సినిమాల టికెట్లు మన లెక్కకన్నా ఇంకా తక్కువే ఉంటాయి. ఐదేళ్లకు మించి దూరమున్న జతలకు ఈ మార్పిడి చేయకుండా ముందుకు పోవద్దు.

మూడు కొలతలు

మొదటిది మల్టిప్లయర్: అమెరికా-కెనడా మొత్తాన్ని మూడు రోజుల ఓపెనింగ్‌తో భాగించాలి. సూపర్‌హీరో సినిమాలకు 2.3 నుంచి 2.8 మధ్య మామూలు. 3 దాటితే జనం జనాన్ని పంపించారు. 2 కన్నా తగ్గితే మౌత్ టాక్ దెబ్బ కొట్టిందని.

రెండోది రెండో వారాంతపు డ్రాప్. ఈ జానర్‌లో 55 నుంచి 63 శాతం పడిపోవడం రివాజు. 50 లోపు ఉంటే సినిమా నచ్చింది. 67 దాటితే ఓపెనింగ్‌కు వచ్చినవాళ్లు మోసపోయామనుకున్నారు.

మూడోది ప్రివ్యూల వాటా. గురువారం షోలు మన పెయిడ్ ప్రీమియర్ల లాంటివి, ఆ వసూలును శుక్రవారంలో కలిపేస్తారు. 2017లో ‘వండర్ ఉమన్’ ప్రివ్యూలు 1.1 కోట్లు, ఓపెనింగ్ 10.33 కోట్లు, అంటే వాటా పదిన్నర శాతం. 2022 ‘థోర్: లవ్ అండ్ థండర్’లో 2.9 కోట్లు, 14.42 కోట్లు, వాటా 20 శాతం. వాటా ఎంత ఎక్కువైతే అభిమానుల పాలు అంత ఎక్కువ, మామూలు కుటుంబాల పాలు అంత తక్కువ. ఒక జాగ్రత్త: ఒకప్పుడు రాత్రి ఏడింటికి మొదలయ్యే ప్రివ్యూలు ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికే మొదలవుతున్నాయి. కాబట్టి వాటా దానంతటదే పెరిగింది, పైన చెప్పిన రెండు సినిమాల తేడాలోనూ ఇది కొంత ఉంది. ఈ కొలతను రెండు మూడేళ్ల లోపు సినిమాల మధ్యే వాడండి.

సినిమాస్కోర్ గ్రేడు వీటికి తోడు. మొదటి రోజు హాలు నుంచి బయటికొచ్చినవాళ్లను అడిగి వేస్తారు. వచ్చినవాళ్లంతా ఎలాగూ ఇష్టపడి వచ్చినవాళ్లే కాబట్టి ఈ జానర్‌లో ఏ మైనస్ మామూలు. బీ వచ్చిందంటే మామూలుగా ఉందని కాదు, దెబ్బతిందని చదువుకోవాలి.

మొదటి పరీక్ష: ఊరూ పేరూ తెలియని హీరో

బ్రాండు విలువ కొలవాలంటే పాత్ర విలువ సున్నాకు దగ్గరగా ఉన్న సినిమాలు కావాలి. అంటే కామిక్స్ చదవనివాళ్లకు పేరైనా తెలియని హీరోల మొదటి సినిమాలు. మార్వెల్ స్టూడియోస్‌లో ఇవి కావలసినన్ని ఉన్నాయి. ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ (2014) 9.43 కోట్లు, ‘యాంట్‌-మ్యాన్’ (2015) 5.72, ‘డాక్టర్ స్ట్రేంజ్’ (2016) 8.51, ‘షాంగ్-చీ’ (2021) 7.54, ‘ఎటర్నల్స్’ (2021) 7.13, ‘థండర్‌బోల్ట్స్’ (2025) 7.43. పదకొండేళ్లలో ఆరు సినిమాలు, అన్నీ 5.7కూ 9.5కూ మధ్య.

ఇప్పుడు పక్కన దర్శకుల పేర్లు రాయండి. ‘ఎటర్నల్స్’ తీసిన క్లోయీ జావ్ అదే ఏడాది ఏప్రిల్‌లో ఉత్తమ దర్శకురాలిగా ఆస్కార్ అందుకుంది. ‘గార్డియన్స్’ తీసిన జేమ్స్ గన్ అంతకుముందు తీసిన ‘స్లిదర్’ అమెరికాలో ఫుల్ రన్‌కు తెచ్చింది 78 లక్షల డాలర్లు. ఆస్కార్ ఉన్నామెకు 7.13, ఎవరికీ తెలియనతనికి 9.43. దర్శకుడి పేరే జనాన్ని తెచ్చేదైతే ఈ వరుస ఇలా ఉండకూడదు. ‘ఎటర్నల్స్’ కొవిడ్ నీడలో వచ్చిందనే సర్దుబాటు చేసినా, రెండు నెలల ముందు అదే నీడలో వచ్చిన ‘షాంగ్-చీ’ దానికన్నా కొంచెం పైనే ఉంది.

‘యాంట్‌-మ్యాన్’ది ఇంకో ముచ్చట. ఎనిమిదేళ్ల పాటు దాని మీద పనిచేసిన ఎడ్గర్ రైట్ 2014 మేలో తప్పుకున్నాడు. ఇంటర్నెట్టులో గగ్గోలు లేచింది. పేటన్ రీడ్ వచ్చి తీశాడు. రైట్ ఉంటే ఎంత వచ్చేదో ఏ లెక్కా చెప్పలేదు. కానీ అతని ‘స్కాట్ పిల్‌గ్రిమ్’ 2010లో 1.06 కోట్లతో ఓపెనైంది. గగ్గోలుకూ టికెట్లకూ మధ్య ఉన్న దూరం అంత.

ఇదే పరీక్ష మిగతా స్టూడియోలకు పెట్టండి. బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్‌ల సంస్థ డీసీ నుంచి ‘బ్లూ బీటిల్’ (2023) 2.5 కోట్లు, సోనీ నుంచి ‘క్రేవెన్’ (2024) 1.1. మంచి రోజుల్లో మార్వెల్ స్టూడియోస్ లోగో విలువ ఈ తేడానే: దాదాపు ఐదారు కోట్ల డాలర్ల ఓపెనింగ్. ‘వెనమ్’ (2018) 8.03 కోట్లు తెచ్చింది కదా అంటారు. వెనమ్ తెలియని పాత్ర కాదు, స్పైడర్‌మ్యాన్ విలన్లలో పేరున్నవాడు, పైగా టామ్ హార్డీ. అది ఈ పరీక్షలో కూర్చోదు.

రెండో పరీక్ష: హీరో అదే, దర్శకుడు మారాడు

థోర్ నాలుగు సినిమాలు దీనికి బాగా పనికొస్తాయి. మొదటిది (2011) 6.57 కోట్లతో మొదలై 18.1 కోట్ల దగ్గర ఆగింది. రెండోది (2013) 8.57, 20.6. మూడోది ‘రాగ్నరాక్’ (2017), తైకా వైటీటీ దర్శకుడు: 12.27 నుంచి 31.5 కోట్లు. నాలుగోది (2022) కూడా అతనిదే: 14.42 నుంచి 34.3.

‘రాగ్నరాక్’ ఓపెనింగ్ 43 శాతం పెరిగింది కాబట్టి వైటీటీ పేరు పనిచేసిందనేవాళ్లు అతని ముందు సినిమా అంకె చూడాలి. ‘హంట్ ఫర్ ది వైల్డర్‌పీపుల్’ అమెరికాలో 50 లక్షల డాలర్లకు కాస్త పైన. ఆ పేరు చూసి హాలుకొచ్చినవాళ్లు కోట్లలో లేరు. పెరుగుదల మధ్యలో వచ్చిన అవెంజర్స్ వరుసది, హల్క్‌ది, రంగుల ట్రైలర్‌ది. ట్రైలర్‌లోని ఆ రంగు, ఆ హాస్యం మాత్రం వైటీటీవే. పేరు తెలియకపోయినా పనితనం ట్రైలర్ ద్వారా ముందే బయటపడటం అంటే ఇదే. దీన్ని షీటులో “పనితనం” గడిలోనే రాయండి.

నాలుగోదాని ఓపెనింగ్ అన్నిటికన్నా పెద్దది. అది ‘రాగ్నరాక్’కు వచ్చిన ఏ గ్రేడుకు, ‘ఎండ్‌గేమ్’కు పడిన మార్కు. చూసినవాళ్లు బీ ప్లస్ ఇచ్చారు. రెండో వారం ‘రాగ్నరాక్’ 53 శాతం పడితే ఇది 68 శాతం పడింది. అదే హీరో, అదే దర్శకుడు, అదే లోగో. మారింది సినిమా. దర్శకుడి పేరు మీద అభిప్రాయం పెట్టుకున్నవాళ్లు ఈ వరుసను పదేపదే చూడాలి. పనితనం సినిమా సినిమాకూ మారుతుంది, ఒకసారి కొలిచి జీవితాంతం వాడుకునే అంకె కాదు.

బ్యాట్‌మ్యాన్ జతలో ఇదే సంగతి పెద్ద అక్షరాలతో ఉంటుంది. జోయెల్ షూమాకర్ ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ (1997) 4.29 కోట్లతో ఓపెనై రెండో వారం 63 శాతం పడింది. ఎనిమిదేళ్ల తర్వాత క్రిస్టఫర్ నోలన్ ‘బిగిన్స్’ డాలర్లలో కొంచెమే పైన ఓపెనైంది. ఆ అప్పు పాత సినిమాది, కట్టింది నోలన్. రెండో వారం డ్రాప్ మాత్రం 43 శాతం. ఆ నచ్చిన జనం 2008లో ‘ది డార్క్ నైట్’ ఓపెనింగ్‌ను 15.84 కోట్లకు తీసుకెళ్లారు. అందులో జోకర్‌గా నటించిన హీత్ లెడ్జర్ మరణం తర్వాత పెరిగిన కుతూహలం కూడా అందులో ఉంది, దాన్ని తీసేసి చెప్పడం నిజాయితీ కాదు.

మూడో పరీక్ష: దర్శకుడు అదే, బ్రాండు పడిపోయింది

జేమ్స్ వాన్ ‘ఆక్వామ్యాన్’ 2018లో 6.79 కోట్లతో ఓపెనైంది. అదే దర్శకుడు, అదే హీరో, అదే డిసెంబర్ సీజన్‌లో 2023లో రెండో భాగం తెస్తే 2.77 కోట్లు. 59 శాతం తక్కువ. డేవిడ్ శాండ్‌బర్గ్ ‘షజామ్’ 5.35 నుంచి రెండో భాగానికి 3.01. మొదటి భాగాలు రెండూ జనానికి నచ్చినవే. మరి మార్కు ఎందుకు తగ్గింది? అప్పటికే డీసీ స్టూడియోస్ కొత్తగా మొదలవుతోందని, ఈ వరుస ఆగిపోతుందని ప్రకటనలు వచ్చేశాయి. రేపు లేని కథకు ఈ రోజు టికెట్టు ఎందుకన్న లెక్క. దర్శకుడు నిలకడగా ఉన్నా బ్రాండు కింద నేల కదిలితే ఓపెనింగ్ సగానికి పడుతుందనడానికి ఇంతకన్నా శుభ్రమైన జతలు దొరకవు.

‘కెప్టెన్ మార్వెల్’ నుంచి ‘ది మార్వెల్స్’కు 15.34 నుంచి 4.61 కోట్లకు పడిపోవడాన్ని మాత్రం ఇందులో కలపకండి. మొదటిది అవెంజర్స్ సినిమాలు ‘ఇన్ఫినిటీ వార్’, ‘ఎండ్‌గేమ్’ మధ్య, 2019 మార్చిలో, అమెరికా అంతా ఆ కథ ముగింపు కోసం ఎదురుచూస్తున్నప్పుడు వచ్చింది. రెండోది నటుల సమ్మె ముగిసిన మర్నాడు, 2023 నవంబర్ 10న, హీరోయిన్లు ప్రచారానికి రాలేని స్థితిలో వచ్చింది. ఓపెనింగ్ తప్పును దర్శకురాలు నియా డకోస్టా మీద వేయడం అన్యాయం. రెండో వారపు 78 శాతం డ్రాప్, 1.83 మల్టిప్లయర్ మాత్రం సినిమావే.

నాలుగో పరీక్ష: ఫ్రాంచైజీ బయట అతని విలువెంత

పేరు విలువకు ఇదొక్కటే నిజమైన కొలబద్ద. ఏ సీక్వెలూ, ఏ పాత్రా తోడు లేకుండా ఆ దర్శకుడి సొంత సినిమాలు ఎంతకు ఓపెనయ్యాయో చూడండి. కనీసం రెండు సినిమాలు 4 కోట్ల డాలర్లు దాటకపోతే “పేరు” గడిలో సున్నా వేయండి. కఠినంగా అనిపిస్తుంది, కానీ ఈ గీత కింద ఉన్నవాళ్ల పేరు పదికోట్ల ఓపెనింగ్‌ను కదిలించలేదు.

నోలన్ అంకెలు: ‘ఇన్‌సెప్షన్’ 6.28, ‘ఇంటర్‌స్టెల్లార్’ 4.75, ‘డన్‌కర్క్’ 5.05, ‘ఒపెన్‌హైమర్’ 8.24. ఇప్పుడు పైన మొదటి పరీక్షలో మార్వెల్ లోగో తెచ్చిన 5.7 నుంచి 9.4 వరుస పక్కన పెట్టండి. దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. నోలన్ పేరు ఒక్కటే ఒక స్టూడియో లోగో అంత బరువు మోస్తోంది. అయితే ఈ నాలుగూ ‘డార్క్ నైట్’ తర్వాతివి. అంతకుముందు అతని ‘ఇన్‌సోమ్నియా’ ఫుల్ రన్‌కు తెచ్చింది 6.7 కోట్లు. బ్యాట్‌మ్యాన్‌కు నోలన్ పేరు పనికిరాలేదు, నోలన్ పేరుకే బ్యాట్‌మ్యాన్ పనికొచ్చాడు. 

రయన్ కూగ్లర్ కూడా అదే దారిలో ఉన్నాడు. ‘బ్లాక్ పాంథర్’ (2018) 20.2 కోట్లతో ఓపెనై 70 కోట్లకు చేరింది, మల్టిప్లయర్ దాదాపు 3.5. 2025లో పూర్తిగా సొంత కథ ‘సిన్నర్స్’ 4.8 కోట్లతో మొదలై, రెండో వారాంతంలో పది శాతం కూడా తగ్గకుండా 27 కోట్లు దాటింది. మన గీత దాటిన సొంత కథ ఇప్పటికి ఒక్కటే. ఇంకొకటి దాటితే “పేరు” గడి నింపవచ్చు.

సామ్ రైమీని ఇక్కడ పరీక్షిస్తే చాలామంది ఉలిక్కిపడతారు. అతను తీసిన ‘డాక్టర్ స్ట్రేంజ్’ రెండో భాగం ‘మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ (2022) ఓపెనింగ్ 18.74 కోట్లు, మొదటి ‘డాక్టర్ స్ట్రేంజ్’కు రెట్టింపుకు మించి. రైమీ వల్లే అనుకుంటే, అతని ‘డ్రాగ్ మీ టు హెల్’ 2009లో ఓపెనైంది 1.58 కోట్లకు. అసలు కారణం ఐదు నెలల ముందు డాక్టర్ స్ట్రేంజ్‌ను వెంటపెట్టుకుని వచ్చి 26 కోట్లతో ఓపెనైన ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’. మార్కు ముందు సినిమాదన్న సూత్రం మళ్లీ ఇక్కడే పనిచేసింది.

లెక్క తప్పే చోట్లు

సూత్రం ఎప్పుడూ నిలబడదు. ‘జోకర్’ (2019) 9.62 కోట్లతో ఓపెనై మల్టిప్లయర్ 3.5 దగ్గర నిలిచింది, జనానికి బాగా నచ్చింది. అదే దర్శకుడు టాడ్ ఫిలిప్స్, అదే హీరో. సూత్రం ప్రకారం రెండో భాగం ఇంకా పెద్దగా ఓపెనవ్వాలి. 3.77 కోట్లకే ఓపెనైంది. ఇక్కడ ముందు సినిమా మార్కును ట్రైలర్లూ, పాటల సినిమా అన్న వార్తా, వెనిస్ ఫిలిం ఫెస్టివల్ నుంచి వచ్చిన సమీక్షలూ చెరిపేశాయి. సినిమాస్కోర్ డీ. కొత్త సినిమా జాతే మారిపోయిందని జనానికి ముందే తెలిసినప్పుడు పాత మార్కు చెల్లదు.

కొన్నిటిని విడదీయాలని చూడటమే వృథా. 2025 ‘సూపర్‌మ్యాన్’ తీసిన జేమ్స్ గన్ డీసీ స్టూడియోస్‌కు సహ-అధిపతి కూడా. దర్శకుడే బ్రాండు, బ్రాండే దర్శకుడు, మధ్యలో సూపర్‌మ్యాన్ అనే మహా పాత్ర. 12.5 కోట్ల ఓపెనింగ్‌లో ఎవరి వాటా ఎంతో ఈ పద్ధతి చెప్పదు. రెండో వారం 53 శాతం డ్రాప్‌ను 2013 ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ 65 శాతంతో పోల్చి, నచ్చిందని మాత్రం అనవచ్చు.

డిసెంబర్ మూడో వారంలో వచ్చినవాటి మల్టిప్లయర్‌ను మే నెలవాటితో పోల్చవద్దు. క్రిస్మస్ సెలవుల వల్ల ‘ఆక్వామ్యాన్’ 4.9 తెచ్చుకుంది, అంతగా నచ్చని రెండో భాగం కూడా 4.5 తెచ్చుకుంది. కొవిడ్ కాలంలో థియేటర్‌తో పాటు అదే రోజు ఇంట్లోనూ వచ్చిన ‘వండర్ ఉమన్ 1984’, ‘ది సూసైడ్ స్క్వాడ్’, ‘బ్లాక్ విడో’లను షీటు నుంచి కొట్టేయండి. సర్దుబాటు చేద్దామన్న ఆలోచన కూడా వద్దు, దేనితో సర్దుతారు?

ఇక సర్వేలు. హాలు బయట “ఎందుకొచ్చారు” అని అడిగే సర్వేల్లో దర్శకుడి పేరు చెప్పినవాళ్ల శాతం వార్తల్లో వస్తుంది. ఒకరు ఎన్ని కారణాలైనా చెప్పవచ్చు, ఇంట్లో కూర్చున్నవాళ్లను ఎవరూ అడగరు. తోడు సాక్ష్యంగా వాడండి, అసలు సాక్ష్యంగా కాదు. జాక్ స్నైడర్ అభిమానుల ఉద్యమం 2021లో ‘జస్టిస్ లీగ్’ను అతని కూర్పులో ఓటీటీకి రప్పించింది, అది చిన్న విజయమేమీ కాదు. అయితే 2016లో ఆయన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ 16.6 కోట్లతో ఓపెనై, బీ గ్రేడు తెచ్చుకుని, రెండో వారం 69 శాతం పడింది. మరుసటి ఏడాది ‘జస్టిస్ లీగ్’ 9.38 కోట్లకే ఓపెనైంది.

తెలుగు సినిమాకు ఇది పనిచేస్తుందా

సగమే. ఇక్కడ వసూళ్లు నిర్మాత పోస్టర్ల మీద గ్రాస్ లెక్కలుగా వస్తాయి, షేర్ లెక్కలు ట్రేడ్ వర్గాల అంచనాలు. రోజువారీ నమ్మకమైన అంకె కావాలంటే అమెరికా వసూళ్లే దిక్కు. ఓపెనింగ్‌లో హీరో వాటా మిగతా అన్నిటినీ మింగేస్తుంది. ‘కల్కి 2898 ఏడీ’ (2024)లో ప్రభాస్, అమితాబ్, కమల్ హాసన్, వైజయంతీ మూవీస్, నాగ్ అశ్విన్ ఒకేచోట ఉంటే ఏ గడిలో ఏం వేస్తారు? ‘హను-మాన్’ (2024) మాత్రం ఈ పరీక్షకు కాస్త లొంగుతుంది. పెద్ద స్టార్ లేడు, సంక్రాంతి పోటీలో తక్కువ థియేటర్లతో మొదలైంది, టాక్ మీద వారాల తరబడి నడిచింది. సినిమాటిక్ యూనివర్స్‌కు ప్రశాంత్ వర్మ తన పేరే పెట్టుకున్నా, మొదటి రోజు జనం అలవాటుపడిన బ్రాండు ఆంజనేయస్వామే. దర్శకుడి పేరు విలువ అదే యూనివర్స్‌లో దేవుడు లేని సినిమా వచ్చినప్పుడు తేలుతుంది.

విడుదలకు ముందే రాసిపెట్టుకోండి

ఫలితం వచ్చాక కారణం వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. కాబట్టి విడుదలకు ముందు బుధవారమే ఓపెనింగ్, రెండో వారం డ్రాప్, వాటికి మీ కారణం రాసి తేదీ వేయండి. ప్రయత్నించడానికి మంచి కేసు ‘అవెంజర్స్: డూమ్స్‌డే’, 2026 డిసెంబర్ 18కి ప్రకటించారు. ‘ఎండ్‌గేమ్’ తీసిన రూసో సోదరులే దర్శకులు. ఆ తర్వాత వాళ్ల పెద్ద సినిమాలు ఓటీటీవి కాబట్టి నాలుగో పరీక్షకు అంకెలే లేవు, “పేరు” గడి ఖాళీ. ‘ఐరన్ మ్యాన్’ నటుడు రాబర్ట్ డౌనీ జూనియర్ తిరిగి వస్తున్నాడు, అది నటుడి గడి. ముందు సినిమాల మార్కు కోసం ‘థండర్‌బోల్ట్స్’నూ, ‘ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’నూ చూడండి. రెండూ ఏ మైనస్ తెచ్చుకున్నాయి, కానీ రెండోది 11.76 కోట్లతో ఓపెనై మరుసటి వారాంతంలో 66 శాతం దాకా పడింది. మల్టిప్లయర్ పోల్చేటప్పుడు ఏప్రిల్‌లో వచ్చిన ‘ఎండ్‌గేమ్’ 2.4ను పక్కన పెట్టి, డిసెంబర్ 17న వచ్చిన ‘నో వే హోమ్’ 3.1ను తీసుకోండి.